చెయ్యి వేస్తే ఆగే చప్పుడు

వదిన అన్నయ్య గిటార్ యాంప్‌ని, ఆ పెద్ద స్పీకర్ పెట్టెని, పాత దుప్పటిలో చుట్టి, కూరగాయల తోపుడు బండి మీద సొరకాయల పక్కన కూర్చోబెట్టి మా కొట్టుకి తీసుకొచ్చింది. దాన్ని దించబోయిన బండివాడు నడుం పట్టుకొని నిలబడిపోయాడు.

"ఇందులో ఏముందమ్మా, రాళ్ళా?"

"మా ఆయన," అంది వదిన.

అతను నవ్వాలో మానాలో తెలియక నా వైపు చూశాడు. అన్నయ్య పోయి ఏడాది దాటింది. వదిన ఇలాంటి మాటలు మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అనేస్తుంది, విన్నవాళ్ళే ఎటు చూడాలో తెలియక అవస్థ పడతారు. నేనూ బండివాడూ చెరోవైపు పట్టుకొని యాంప్‌ని బల్ల మీదికి ఎక్కించాం. వదిన భుజానికి తగిలించుకొచ్చిన బేస్ గిటార్‌ని గోడకి ఆనించి, చుట్టూ చూసింది.

మా రిపేరు కొట్టు మెట్ల కింద గది. సభలకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళి గొంతు పోగొట్టుకొచ్చిన స్పీకర్లు, పొట్ట విప్పిన సౌండ్ మిక్సర్లు, ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ.

"మనిషి కూర్చునే చోటుందా టెస్టరమ్మా? లేకపోతే నన్ను కూడా ఏదో అరలో పెట్టి చీటీ కడతావా?"

"నీకు చీటీ కడితే ఏమని రాయాలి వదినా? శబ్దం ఎక్కువ అనా?"

"మీ అన్నయ్యా అదే అనేవారులే. ఇంట్లో రెండు పెట్టెలుంటే ఒకదానికే నాబ్ ఇచ్చాడు దేవుడని."

చిన్నప్పుడు జడలో టెస్టర్ గుచ్చుకొని తిరిగేదాన్నని నాకు ఆ పేరు పెట్టింది అన్నయ్యే. పెళ్ళయి వచ్చాక వదిన దాన్ని సొంతం చేసుకుంది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచే మనిషి ఆవిడొక్కతే మిగిలింది.

"ఏమైంది దీనికి?" అన్నాను.

"టప్ మంది. ఇంక పలకలేదు. దీపం కూడా వెలగట్లేదు."

"ఎవరు పెట్టారు? ఎవరైనా వచ్చి వాయించారా?"

"ఎవరొస్తారు? దుమ్ము తుడుస్తుంటే స్విచ్‌కి చెయ్యి తగిలిందేమో." ఆ మాట నాతో కాకుండా గోడనున్న చీటీలతో చెప్పింది.

"ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నావా?"

"నిన్ను ఇచ్చేస్తాను ఎవరికైనా." వదిన యాంప్ మీద చెయ్యి వేసింది. పక్కింటివాళ్ళకి చంటిపిల్లని అప్పగించి, ఇంకా వదలలేనట్టు. "ఎలా ఉండేదో అలాగే కావాలి నాకు. కొత్తదానిలా చెయ్యకు. అది మళ్ళీ నాకు వినపడాలి, అంతే."

"వినపడుతుందిలే."

"అలాగే అంటే అలాగే," అంది గుమ్మం దాటుతూ.

అన్నయ్య ఒక వాద్య బృందంలో బేస్ వాయించేవాడు. హోటళ్ళలో, పెద్ద పెద్ద హాళ్ళలో. జనం పాడేవాళ్ళని చూసేవాళ్ళు, డ్రమ్స్ వాయించే అతన్ని చూసేవాళ్ళు. వెనక స్తంభంలా నిలబడ్డ అన్నయ్యని ఎవరూ చూసేవాళ్ళు కాదు. "నేను వాయిస్తున్నట్టు ఎవడికీ తెలియదే. ఆపితే తెలుస్తుంది. ఏదో పోయిందని అందరూ వెనక్కి తిరుగుతారు," అనేవాడు గర్వంగా. నాకు మాత్రం వేదిక ముందు వరసలో కూర్చుంటే అతనిదే వినపడేది. ఛాతీలోకి వచ్చేది ఆ స్వరం. వదిన అడిగింది దాని గురించేనని నేను అనుకున్నాను. నాకూ అదే కావాలి కాబట్టి, ఇంకోటి ఉండొచ్చని తట్టలేదు.

మర్నాడు వెనక పలక విప్పాను. అన్నయ్య సిగరెట్టు వాసన ఏమైనా మిగిలుంటుందేమోనని, విప్పుతూనే మొహం దగ్గరగా పెట్టాను. వచ్చింది కాలిన గుడ్డ వాసన.

ఇది ట్రాన్సిస్టర్ల యాంప్. పాత వాల్వుల పెట్టెల్లా లోపల ఎర్రగా వెలిగే గాజు దీపాలేవీ ఉండవు, చూడ్డానికి బియ్యం డబ్బాలా నిశ్శబ్దంగా ఉంటుంది. పని అంతా చేసేవి నాలుగు పెద్ద ట్రాన్సిస్టర్లు. అవి వేడెక్కుతాయి. ఆ వేడి బయటికి పోవడానికి వెనక, పైన అల్యూమినియం రెక్కలుంటాయి. ఆ రెక్కల మధ్య నీలం రంగు దారప్పోగులు అంటుకొని, కొసలు మాడి ఉన్నాయి.

ఆ నీలం నాకు తెలుసు. వదిన ఇంట్లో యంత్రమన్నది ఏదీ ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండదు. మిక్సీకి, కుట్టుమిషనుకి, ఫ్రిజ్‌కి, చివరికి నీళ్ళ ఫిల్టరుకి కూడా తెల్లగుడ్డ మీద నీలం పువ్వులు కుట్టి తొడుగు వేసేది. అన్నయ్య ఉండగా యాంప్‌ని మాత్రం వదిలిపెట్టింది, అతను ఒప్పుకోలేదు. ఇప్పుడు దీనికీ ఒక చొక్కా కుట్టిందన్నమాట. కానీ ఆపి ఉన్న యాంప్‌కి ఎన్ని దుప్పట్లు కప్పినా ఏమీ కాదు. ఇది గుడ్డ కింద గంటలు గంటలు వెలుగుతూ ఉండి ఉండాలి. దుమ్ము తుడిచి స్విచ్ ఆపడం మరిచిపోయిందేమో అనుకొని ఊరుకున్నాను.

రెండు ట్రాన్సిస్టర్లు, ఫ్యూజు కాలిపోయాయి. వాటి పక్కన చిన్న రెసిస్టర్ బొగ్గయింది. కరెంటుని నిలకడగా ఉంచే పెద్ద కెపాసిటర్ల నెత్తి ఉబ్బింది. అవన్నీ తీసి కొత్తవి వేశాను. గిటార్ వైరు గుచ్చే సాకెట్ దగ్గర టంకం పగిలి ఉంటే మళ్ళీ కరిగించి అతికించాను. నాబ్‌లు గరగరమంటున్నాయి. శుభ్రం చేసే మందు చల్లి అటూ ఇటూ బాగా తిప్పితే గాని ఆ మురికి వదలదు. తిప్పే ముందు, అన్నయ్య ఏది ఎక్కడ ఉంచాడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. బేస్ సగం దాటి. ట్రెబుల్ దాదాపు లేనట్టే. మళ్ళీ ఆ గీతల దగ్గరికి తెచ్చి, ఒక్కోదాన్నీ రెండుసార్లు సరిచూశాను. ఎంత మామూలు పని.

బాగు చేసిన పెట్టెని మేము నేరుగా కరెంటుకి కలపం. మధ్యలో ఒక మామూలు గుండు బల్బు పెడతాం. లోపల ఇంకా ఎక్కడైనా తప్పుంటే ఆ బల్బు ధగధగా వెలిగి పెట్టెని కాపాడుతుంది. తప్పు లేకపోతే ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారుతుంది. ఆ మసకబారడం చూడ్డం నాకు ఎప్పటికీ పాతపడదు. అన్నయ్య కొట్లో ఉంటే, ఎంత కబుర్లలో ఉన్నా, ఆ సమయానికి మాట ఆపి బల్బు వైపు తిరిగేవాడు. బల్బు మసకబారింది. అలవాటుగా పక్కకి చూశాను. స్టూలు మీద స్క్రూల డబ్బా ఉంది.

తర్వాత బయాస్ సర్దాలి. ఎవరూ ఏమీ వాయించకుండా యాంప్ ఊరికే ఉన్నప్పుడు కూడా పెద్ద ట్రాన్సిస్టర్లలో కాస్త కరెంటు పారుతూ ఉండాలి. తక్కువైతే మెల్లగా వాయించిన స్వరం బొంగురుపోతుంది, ఎక్కువైతే పెట్టె ఖాళీగా కూర్చునే కాగిపోతుంది. దానికి అగ్గిపుల్ల తలంత స్క్రూ ఒకటి ఉంటుంది. మీటర్ చూసుకుంటూ వెంట్రుకవాసి తిప్పాలి, ఆగాలి, వేడెక్కనివ్వాలి, మళ్ళీ చూడాలి. "మీ వదినకి ఆ స్క్రూ ఎక్కడుంటుందో కాస్త వెతికి చెప్పవే," అనేవాడు అన్నయ్య. నేను ఆ మాట వదినకి మోసుకెళ్ళి చెప్పేదాన్ని. ఆవిడ అన్నయ్య కంచంలో కూర తగ్గించేది.

ఆ స్క్రూ బాగా పక్కకి జరిగిపోయి ఉంది. సర్దాను.

గిటార్ తగిలించి స్విచ్ వేశాను. గూఁ మని రొద. హమ్ అంటాం దాన్ని. యాంప్‌ది కాదు, గిటార్‌ది. దాని కడుపులో ఉన్న తీగచుట్ట గదిలో ఉన్న కరెంటు వైర్ల రొదనంతా లాగేస్తుంది. తీగల మీద చెయ్యి వేస్తే ఆగిపోతుంది, తీస్తే మళ్ళీ మొదలవుతుంది. కడుపులో రాగిరేకు పరిచి, ఒక చిన్న వైరుతో దాన్ని ఎర్త్‌కి కలిపితే చెయ్యి వేసినా వెయ్యకపోయినా చప్పుడుండదు. చేసిపెడతానని అన్నయ్యని ఎన్నిసార్లు అడిగానో.

"దాని జోలికి రాకే. అది మా ఇంటి కాలింగ్ బెల్లు," అనేవాడు.

అతని బడాయి మాటల్లో అదొకటి అనుకునేదాన్ని. నా చేతి కింది నుంచి వెళ్ళిన సరుకు అలా రొద పెడుతుంటే నాకు తలవంపులుగా ఉండేది. ఇప్పుడు అడ్డం చెప్పడానికి అతను లేడు. రాగిరేకు కత్తిరించి, గిటార్ కడుపంతా పిల్లల పుస్తకానికి అట్ట వేసినట్టు శ్రద్ధగా అతికించాను. వైరు కలిపాను. స్విచ్ వేస్తే దీపం వెలిగిందే గాని, పెట్టె గొంతు విప్పలేదు. తీగ మీటితే మాత్రం నిండుగా, తేటగా పలికింది. అన్నయ్య బతికుండగా కూడా అది అంత శుభ్రంగా పలకలేదు. ఇది విని వదిన ఏడుస్తుందేమో, ఎలా ఓదార్చాలి అని కూడా ఆలోచించుకున్నాను.

వదిన వాళ్ళది రోడ్డు వైపు ఒక గది, దాని వెనక వంటిల్లు, రెంటికీ మధ్య ఒకే గోడ. యాంప్ ఎప్పుడూ ఆ గోడకి ఆనుకొని ఉండేది. అది ఉండే చోట నేల చుట్టుపక్కల కంటే ముదురు రంగులో చతురస్రంగా మిగిలిపోయింది. సరిగ్గా ఆ గుర్తు మీదే పెట్టించింది వదిన. కుర్చీ మీద ఇస్త్రీ చేసిన కొత్త తొడుగు సిద్ధంగా ఉంది, నీలం పువ్వులతో.

"ఇది వేశావంటే మళ్ళీ నన్ను పిలవకు," అన్నాను దాన్ని తీసి నా సంచిలో కుక్కుకుంటూ. "దానికి గాలి ఆడాలి. నువ్వు ఉడకబెట్టావు దాన్ని."

"నాకేం తెలుసు? దుమ్ము పడుతుందని." దొంగలా దొరికిపోయిన మొహం పెట్టింది. వెంటనే సర్దుకుంది. "సరే, పెట్టు. నేను లోపల ఉంటా."

"లోపలేమిటి? ఇక్కడ కూర్చో వదినా. ముందు నుంచి వింటేనే కదా తెలిసేది."

"నేనెప్పుడు కూర్చున్నాను ముందు? స్టవ్ మీద అన్నం ఉంది." వెళ్ళిపోయింది.

గిటార్‌ని స్టాండుకి పెట్టి, వైరు గుచ్చి, స్విచ్ వేశాను. ఎర్రదీపం వెలిగింది.

"పెట్టావా?" లోపల్నుంచి.

"పెట్టాను."

"పెట్టలేదు."

"పెట్టాను వదినా!"

"ఏమే, నన్ను ఆటపట్టించకు."

"దీపం వెలుగుతోంది, వచ్చి చూసుకో."

గరిటె పట్టుకొని వచ్చింది. దీపం చూసింది. గిటార్ చూసింది. స్పీకర్ దగ్గర చెవి పెట్టింది. "పలకదేం మరి?"

"వాయిస్తే పలుకుతుంది." నేను కూర్చొని తీగ మీటాను. నాకు వాయించడం రాదు, ఒక్కొక్క తీగే మీటాను. గది అడుగున ఎక్కడో బరువైన తలుపు తెరుచుకున్నట్టు పలికింది. "ఎలా ఉంది? హాల్లో వాయించినట్టు లేదూ?"

వదిన తల అడ్డంగా ఊపింది. "అది కాదు."

"నాబ్‌లు అన్నయ్య పెట్టిన చోటే ఉన్నాయి. గుర్తు పెట్టుకొని మరీ..."

"అది కాదే. గూఁ మనాలి కదా. అదేదీ?"

"హమ్మా? తీసేశాను." చెప్తూ ఉండగానే నా గొంతులో గర్వం సన్నగిల్లింది.

"తీసేశావా," అంది వదిన. గరిటె చివర్నుంచి గంజి నేల మీద పడుతోంది. "ఎవరు తియ్యమన్నారే నిన్ను? అలాగే అంటే అలాగే అన్నానా లేదా?"

"అది లోపం వదినా. ఎవరైనా తియ్యమని..."

"నీ కొట్లో లోపం. నా ఇంట్లో కాదు."

కుర్చీలో కూలబడింది. ఎవరి మీదో పితూరీ చెప్తున్నట్టు మొదలుపెట్టింది.

"వచ్చేవారు. చెప్పులు విప్పిన చప్పుడు నాకు వినపడదు, మిక్సీ తిరుగుతుంటుంది. ముందు దీని స్విచ్ వేసి, మొహం కడుక్కోడానికి వెళ్ళేవారు. గూఁ మనేది. ఓహో, వచ్చారు అనుకునేదాన్ని. మొహం తుడుచుకొని కూర్చొని తీగల మీద చెయ్యి వేస్తే ఠక్కున ఆగిపోయేది. అప్పుడు నేను మిక్సీ ఆపి, స్టవ్ తగ్గించేదాన్ని. వాయించడం అయ్యాక చెయ్యి తీస్తే మళ్ళీ గూఁ. అప్పుడు కంచాలు పెట్టేదాన్ని. అన్నం పెట్టు అని ఆయన అడగలేదు, రండి అని నేను పిలవలేదు. ఇన్నేళ్ళూ."

కాలింగ్ బెల్లు. ఆ మాట అన్నప్పుడు అన్నయ్య నవ్వాడో లేదో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాను.

"మరి వాయించింది?" అన్నాను. "అది వినేదానివి కాదా?"

"అది ఊరంతా విన్నదేగా."

ఇంక అడగక్కర్లేదు, అయినా అడిగాను. "రోజూ పెట్టుకునేదానివా, అన్నయ్య పోయాక?"

"సాయంత్రం వంట మొదలుపెట్టేటప్పుడు పెట్టేదాన్ని. వంట అయ్యాక ఆపేసేదాన్ని. అది మోగుతున్నంతసేపూ ఆయన మొహం కడుక్కుంటున్నారనుకుంటే సరిపోయేది." వదిన కొంగుతో నేల మీది గంజి తుడిచింది. "కడుక్కోనీ, నాకేం తొందర?"

నేను సంచి తెరిచాను. సోల్డరింగ్ ఐరన్ తీసి ప్లగ్గులో పెట్టాను.

"ఏం చేస్తున్నావు?"

"చెడగొడుతున్నా."

గిటార్‌ని ఒళ్ళో బోర్లించి పలక విప్పాను. రాగిరేకు నా పనితనమంతా చూపిస్తూ మెరిసింది. మడతల్లేకుండా అతికించుకున్నాను, మూలలు కూడా. దాన్నంతా పీకక్కర్లేదు, ఎర్త్‌కి కలిపిన వైరొకటి ఊడదీస్తే చాలు. ఐరన్ కొస ఆనించగానే టంకం కరిగి మెరిసింది, వైరు ఊడి వచ్చింది. వదిన నా భుజం మీదుగా వంగి చూస్తూ, "జాగ్రత్త, చెయ్యి కాల్చుకునేవు," అంది. ఆవిడ ఊపిరి నా మెడకి తగిలింది.

పలక బిగించి, గిటార్‌ని స్టాండుకి ఆనించి, తీగల మీద నుంచి చెయ్యి తీశాను.

గూఁ...

వదిన గరిటె పట్టుకొని వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వచ్చానో ఆ ఇంటికి, అది మోగుతుండగా ఎప్పుడూ వంటింట్లో లేను. అన్నయ్య వాయించడానికి కూర్చుంటే ముందు గదిలో, అతని ఎదురుగా ఉండేదాన్ని.

ఇక్కడ అది వేరుగా ఉంది. గోడలోంచి వస్తోంది. అలమరలో గిన్నె మీద మూత సన్నగా వణుకుతోంది. వదిన వెళ్తూ దాన్ని వేలితో కాస్త జరిపింది, వణకడం ఆగింది. అలా జరపడం ఆ వేలికి ఎంత అలవాటో. అన్నం ఉడుకుతోంది. వదిన కత్తిపీట లాక్కొని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. గోడ అవతల నిజంగానే ఎవరో వచ్చి, స్విచ్ వేసి, పెరటి వైపు వెళ్ళినట్టుంది. కుళాయి చప్పుడు కోసం నా చెవులు వెతుకుతున్నాయని నాకే కాసేపటికి తెలిసింది.

"ఇంకా కడుక్కుంటున్నాడు," అన్నాను.

"పెద్ద అందగాడు మరి," అంది వదిన. "గంట పడుతుంది."

ఇద్దరం నవ్వాం. ఉల్లిపాయల వల్ల కళ్ళు ఎలాగూ నీళ్ళు పెట్టుకునే ఉన్నాయి, కాబట్టి ఎవరమూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేకపోయింది.

అది అలాగే మోగుతూ ఉంది. ఎక్కదు, తగ్గదు. కాసేపటికి నాకు తట్టుకోవడం కష్టమైంది. "నేను వెళ్ళి చెయ్యి వెయ్యనా? నువ్వు ఇక్కడే ఉండి విను," అన్నాను.

"వద్దు. నువ్వు లేచి వెళ్ళడం చూశాక, ఆగితే నువ్వే కదా ఆపింది."

"మరి రోజూ..."

"రోజూ ఆగదు. నేనే వెళ్ళి స్విచ్ ఆపుతాను. దీపం ఆరుతుంది. అది ఆగడం కాదు." కత్తిపీట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. ఏం కనపడిందో మరి. చేతులు కడుక్కొని, కొంగుకి తుడుచుకుంది. "నువ్వు ఇక్కణ్ణుంచి ఎప్పుడూ వినలేదు కదూ టెస్టరమ్మా?"

"లేదు."

"ఉండు అయితే. అటు తిరిగి ఉండు, నన్ను చూడకు. స్టవ్ చూస్తూ ఉండు."

నేను అటు తిరిగాను. వదిన అడుగులు గుమ్మం దాటాయి. తర్వాత రొద ఒక్కటే. పెళ్ళయిన దగ్గర్నుంచి వదిన ఆ గిటార్ తీగల్ని ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తుడిచేటప్పుడు కూడా తీగల్ని తప్పించి తుడిచేది. నేను మంటనే చూస్తూ, అటు వెళ్ళింది వదినే అని నాకు నేను చెప్పుకుంటూ నిలబడ్డాను.

ఠక్కున ఆగింది.

ఇల్లంతా ఒక్కసారి చెవి ఒగ్గినట్టయింది. వచ్చి కూర్చున్నాడు. వచ్చేశాడు, చెయ్యి వేశాడు, ఇంకో క్షణంలో మొదటి స్వరం వస్తుంది. నాకు తెలుసు వచ్చింది ఎవరో, చెయ్యి ఎవరిదో. తెలిసినా, నా చెయ్యి తనంతట తనే ముందుకి వెళ్ళి స్టవ్ తగ్గించింది.

స్వరం రాలేదు. అన్నం సన్నని మంట మీద కుతకుతలాడుతోంది. అలమరలో కంచాలు బోర్లించి ఉన్నాయి. అవతల చెయ్యి తీస్తే గూఁ మంటుంది, అప్పుడు కంచాలు పెట్టాలి. రెండు కంచాలు తీసి చేతిలో పట్టుకొని, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

వదిన చాలాసేపు చెయ్యి తియ్యలేదు.